డ్వాక్రా అప్పు దాటి సొంత యూనిట్ దాకా: ప్రభుత్వ పథకాలతో మహిళలు వ్యాపార రుణం తెచ్చుకోవడం ఎలా

వ్యాపారానికి అప్పు కావాలని బ్యాంకు మెట్లెక్కిన మహిళకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తరచూ వ్యాపారం గురించి ఉండదు. ఇల్లు ఎవరి పేర ఉంది, మీవారు ఏం చేస్తారు, పూచీకత్తు ఎవరు ఉంటారు అని అడుగుతారు. పొలం మామగారి పేర, ఇల్లు భర్త పేర ఉన్న కుటుంబంలో ఆమె తాకట్టు పెట్టగలిగేది మెడలో బంగారం ఒక్కటే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అమల్లోకి తెచ్చింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. హక్కు వచ్చినంత త్వరగా పాసుపుస్తకాల్లో పేర్లు మాత్రం మారలేదు. మహిళల రుణాల కోసం ప్రభుత్వాలు తెచ్చిన పథకాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. తాకట్టు లేకుండా అప్పు ఇవ్వమని బ్యాంకుకు చెప్పడం, ఆ అప్పు మొండిబకాయి అయితే నష్టంలో పెద్ద వాటాకు హామీ నిధిని పెట్టడం, కొన్నిచోట్ల వడ్డీలోనో అసలులోనో కొంత భరించడం.

పథకం పేరు పట్టుకుని బయలుదేరిన వారికి తిరుగుడే మిగులుతుంది. ముందు మీ వ్యాపారం కాగితం మీద మీ పేరున కనిపించాలి. తర్వాత ఎంత డబ్బు, దేనికి కావాలో తేలాలి. ఏ పథకం అన్నది ఆ తర్వాతి మాట. ఈ వరుస తప్పితే అర్హత ఉన్నవారి దరఖాస్తులు కూడా వెనక్కి వస్తాయి.

మొదట మీ వ్యాపారాన్ని మీ పేరున కనిపించేలా చేయండి

మీ కొట్టులో కౌంటరు మీద అతికించిన క్యూఆర్ స్టిక్కరు ఎవరి ఖాతాదో ఒకసారి చూడండి. చాలా టైలరింగ్ షాపుల్లో, కర్రీ పాయింట్లలో పని చేసేది ఆమె, స్టిక్కరు భర్తదో కొడుకుదో. గిరాకీ అంతా ఆ ఖాతాలోకే పోతుంది. ఏడాది తర్వాత మీరు రుణం అడిగితే బ్యాంకు మీ స్టేట్‌మెంటు తెరుస్తుంది. అందులో గ్యాస్ సబ్సిడీ, సంఘం పొదుపు తప్ప ఏమీ ఉండదు. మీ వ్యాపారం బ్యాంకు దృష్టిలో అసలు లేనట్టే. ఈ రోజే మీ పేర ఒక ఖాతాను వ్యాపారానికి వేరుగా పెట్టుకుని, దాని క్యూఆర్ అతికించండి. నగదుగా వచ్చినదాన్ని కూడా వారానికోసారైనా ఆ ఖాతాలో వేయండి. ఆరు నెలల జమలు ఉన్న స్టేట్‌మెంటు చేసే పని ఏ సిఫారసూ చేయదు.

తర్వాత ఉద్యం రిజిస్ట్రేషన్. 2020 జులై 1 నుంచి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఇదే గుర్తింపు. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అరగంట పని, రుసుము ఏమీ లేదు. డబ్బు కట్టమనే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు, అవి కనబడితే మూసేయండి. దరఖాస్తులో యజమాని వివరాల దగ్గర మీ పేరే ఉండాలి. భర్త పేర చేయించి ‘మేమిద్దరం ఒకటే కదా’ అనుకుంటే మహిళలకు ఉన్న ప్రత్యేక రాయితీలన్నీ అక్కడే పోతాయి. భాగస్వామ్య సంస్థ అయితే మహిళల వాటా కనీసం 51 శాతం ఉండేలా ఒప్పందం రాసుకోండి. పాన్, జీఎస్టీ లేని చిరువ్యాపారులకు 2023 నుంచి ఉద్యం అసిస్ట్ అనే సదుపాయం ఉంది. దాన్ని బ్యాంకుల ద్వారా చేయించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్టుతో వచ్చే రుణాన్ని బ్యాంకు ప్రాధాన్య రంగ రుణాల కింద చూపించుకోవచ్చు కాబట్టి మేనేజరుకూ అది పనికొచ్చేదే.

మీ సిబిల్ రిపోర్టును, అంటే మీ అప్పుల చరిత్ర, స్కోరు చూపే పత్రాన్ని కూడా మీరే ముందుగా చూసుకోండి. దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎప్పుడో తీరిపోయిన మైక్రోఫైనాన్స్ అప్పు ఇంకా బాకీగా కనిపించడం, బంధువుల అప్పుకు మీరు పెట్టిన జామీను సంతకం బయటపడటం ఇక్కడే జరుగుతుంది. తప్పు ఉంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

తినే సరుకు తయారుచేస్తుంటే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్, ఊళ్లో పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కూడా ఈ దశలోనే తీసుకోండి.

ఎంత, దేనికి: ఈ లెక్క మీరే వేయాలి

ఒక కాగితం తీసుకుని రెండు భాగాలు చేయండి. ఒకవైపు ఒకేసారి కొనేవి: పిండిమర, కారం మిషను, కుట్టుమిషన్లు, షెడ్డు, ఫ్రీజరు. రెండోవైపు తిరుగుతూ ఉండేవి: సరుకు, ప్యాకింగ్, కూలి, ఉద్దెర ఇచ్చిన డబ్బు. మొదటిదానికి కావలసింది వాయిదాల మీద తీర్చే టర్మ్ లోన్. రెండోదానికి కావలసింది క్యాష్ క్రెడిట్ పరిమితి, అంటే కావలసినప్పుడు తీసుకుని అమ్మకం డబ్బు వచ్చినప్పుడు కట్టేది. వాడుకున్న మొత్తానికే వడ్డీ పడుతుంది.

ఈ తేడా కొన్ని వ్యాపారాల్లో ప్రాణం. పచ్చళ్ల వ్యాపారం తీసుకోండి. ఆవకాయ కాయ వేసవిలో కొద్ది వారాలే దొరుకుతుంది. గుంటూరు యార్డుకు మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. నూనె, ఆవాలు, ఉప్పు, జాడీలు కలిపి ఏడాది సరుకుకు పెట్టుబడంతా ఆ రెండు మూడు నెలల్లోనే పెట్టాలి. అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. ఇలాంటి వ్యాపారానికి టర్మ్ లోన్ తీసుకుని సరుకు కొంటే, జాడీలు నిండుగా ఉన్నా మే నెల నుంచే వాయిదాలు కట్టుకోలేక ఇబ్బంది పడతారు. మిషనుకు అప్పు తెచ్చుకుని సరుకుకు డబ్బు అడగడం మరచిపోయినవారి పరిస్థితి ఇంకా కష్టం. కొత్త మిషను మూలన ఉంటుంది, వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది.

ఆదాయం లెక్క కూడా సూటిగా వేయండి. ఉదాహరణకు నెలకు 400 కిలోల కారం పట్టి అమ్ముతారు, అన్ని ఖర్చులూ పోను కిలోకు 40 రూపాయలు మిగులుతాయి అనుకుందాం. నెలకు 16,000. మిషను కోసం 4 లక్షలు, 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే వాయిదా సుమారు 8,700. వాయిదా రూపాయికి మీ చేతిలో రూపాయిన్నరకు పైగా ఉందా అని బ్యాంకు చూస్తుంది. ఉంది. గిరాకీ తగ్గిన నెలలో 250 కిలోలే అమ్మితే 10,000 వస్తుంది, అప్పుడూ వాయిదా గట్టెక్కుతుంది, కానీ ఇంటికి పెద్దగా మిగలదు. ఈ చివరి వాక్యం మీకు ముందే తెలిసి ఉండాలి. తెలిసి కూడా ముందుకు వెళ్లగలిగితేనే ఆ మొత్తం అడగండి.

సంఘంలో ఉంటే అక్కడి నుంచే

స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని నాబార్డు 1992లో 500 సంఘాలతో మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. సారాకు పోయే డబ్బులో రోజుకు రూపాయి దాచుకుందామన్న మాట అక్కడి నుంచి పల్లెపల్లెకూ పాకింది. అప్పుల వ్యవస్థను మన ఆడవాళ్లు తమ చేతులతో కట్టుకున్న చరిత్ర అది. ఈ రోజు మీకు అన్నిటికన్నా దగ్గరి రుణ మార్గం ఇప్పటికీ అదే.

సంఘానికి 10 లక్షల వరకు రుణానికి తాకట్టు గానీ, మార్జిన్ డబ్బు (సొంత వాటా) గానీ అడగకూడదు. 10 నుంచి 20 లక్షల వరకు కూడా తాకట్టు అడగకూడదు. సంఘం పొదుపు ఖాతాలో డబ్బును తీయకుండా ఆపి ఉంచడం ఈ రెండు సందర్భాల్లోనూ నిబంధనకు విరుద్ధం. ‘పొదుపులో ఇంత ఉంచితేనే లోను’ అని చెబితే, సంఘాల పని చూసే అధికారి ఏపీఎం గారిని వెంటబెట్టుకుని వెళ్లి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం చేయమని అడగండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ వడ్డీలేని రుణాల పథకం ఉంది. వాయిదా గడువులోపు పడితేనే ఆ వడ్డీ తిరిగి వస్తుంది. పరిమితులు ప్రభుత్వ ఉత్తర్వులను బట్టి మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాదికి ఎంతో సంఘాలను చూసే వెలుగు, ఐకేపీ లేదా (పట్టణాల్లో) మెప్మా కార్యాలయంలో కనుక్కోండి. అత్యవసరానికి స్త్రీనిధి ఉండనే ఉంది. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ల ఒత్తిడికి పల్లెలు అల్లాడిన మరుసటి ఏడాది, ఆ అప్పుల అవసరమే రాకూడదని పుట్టిన సహకార సంస్థ అది.

సంఘం రుణంలో ఒక అలవాటు మాత్రం వ్యాపారం చేసేవారిని వెనక్కి లాగుతోంది. పది లక్షలు వస్తే పది మందికీ తలా లక్ష. యూనిట్ పెట్టే ఆమెకు మూడు లక్షలు కావాలి, మరొకరికి అసలు అవసరమే లేదు, అయినా పంపకం సమానమే. తీర్మానం రాయడానికి ముందే, రుణ ప్రణాళిక చర్చించే సమావేశంలోనే మీ అవసరాన్ని లెక్కతో సహా చెప్పండి. వద్దన్నవారి వాటాను లోపాయికారీగా తీసుకోకండి. మీకు ఎంత ఇస్తున్నారో తీర్మానం పుస్తకంలో రాయించండి. రేపు తేడా వస్తే స్నేహాలు నిలబెట్టేది ఆ పుస్తకమే.

సంఘంలో సక్రమంగా కట్టిన చరిత్ర సొంత రుణానికి నిచ్చెన అవుతుంది. ప్రతి సంఘంలో ఒక సభ్యురాలికి ముద్ర (చిన్న వ్యాపారాలకు తాకట్టు లేని రుణ పథకం) కింద లక్ష రూపాయల వరకు వ్యక్తిగత రుణం ఇవ్వవచ్చని 2019 కేంద్ర బడ్జెట్ చెప్పింది. దీన్ని అడిగేవారు తక్కువ. మీరు అడగండి.

ఇప్పుడు పథకం ఎంచుకోండి

ముద్ర: 2015 ఏప్రిల్ 8న మొదలైంది. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు. తరుణ్ రుణం తీసుకుని తీర్చినవారికి 2024 అక్టోబరు నుంచి తరుణ్ ప్లస్ పేరుతో 20 లక్షల వరకు ఉంది. తాకట్టు అక్కర్లేదు. ముద్ర సంస్థ మీకు నేరుగా అప్పు ఇవ్వదు, ఇచ్చేది మీ బ్యాంకే. వడ్డీ రేటూ బ్యాంకుదే. ఇందులో సబ్సిడీ లేదు. ‘ముద్ర సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు ఫైలు ఖర్చు పంపండి’ అని ఫోను వస్తే అది మోసం. నడుస్తున్న వ్యాపారానికి కొంచెం ఊపు కావాలంటే నా ఉద్దేశంలో అన్నిటికన్నా సరైన దారి ముద్రే. కాగితాలు తక్కువ, ఎదురుచూపు తక్కువ.

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం): ఇక్కడ చెప్పేది కొత్త యూనిట్లకు ఇచ్చే సాయం. తయారీ రంగంలో 50 లక్షల వరకు, సేవల్లో 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టవచ్చు. మహిళలు ప్రత్యేక కేటగిరీలో వస్తారు, కులంతో సంబంధం లేదు. సొంత వాటా 5 శాతం చాలు, సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. ఊళ్లో 10 లక్షల యూనిట్ అనుకుంటే మీరు పెట్టేది 50,000, బ్యాంకు ఇచ్చేది 9.5 లక్షలు, సబ్సిడీ 3.5 లక్షలు. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, ఆ మేరకు మీ అప్పు మీద వడ్డీ పడదు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలితే అప్పులో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే అది పోతుంది, అప్పు మొత్తం మీ మీదే ఉంటుంది. భార్యాభర్తల్లో ఒక్కరికే అవకాశం. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటే ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసి, జిల్లా పరిశ్రమల కేంద్రాన్నో ఖాదీ బోర్డునో ఎంచుకోవాలి.

అప్పడాలు, పచ్చళ్లు, పొడులు, చిరుధాన్యాల పిండి, బేకరీ: ఇలాంటి ఆహార తయారీ అయితే ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పథకం కూడా చూడండి. 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. సొంత వాటా 10 శాతం. ఇప్పటికే నడుస్తున్న యూనిట్ పెంచుకోవడానికీ ఇస్తారు, అదే దీని బలం. సంఘం సభ్యులు ఆహార తయారీలో ఉంటే ఒక్కొక్కరికి 40,000 వరకు మూలధనం కూడా ఈ పథకంలో ఉంది. ఈ రెండు పథకాలకూ నిధుల కేటాయింపు, గడువు కేంద్రం నిర్ణయాన్ని బట్టి ఉంటాయి కాబట్టి ప్రాజెక్టు రిపోర్టు మీద ఖర్చు పెట్టే ముందే జిల్లా కార్యాలయంలో అడగండి.

టైలరింగ్, బుట్టలల్లకం, పూలమాలలు, ఇస్త్రీ వంటి 18 వృత్తులకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షలు, శిక్షణ, పనిముట్లకు 15,000. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. తోపుడుబండి, వీధి టిఫిన్లు నడిపేవారికి పీఎం స్వనిధి రుణ పథకం: ఇప్పుడు 15,000, 25,000, 50,000 చొప్పున మూడు దశల్లో ఇస్తారు.

10 లక్షలు దాటే కొత్త యూనిట్లకు ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక మహిళకు రుణం ఇవ్వాలన్న స్టాండప్ ఇండియా 2016 నుంచి నడిచింది, దాని గడువు 2025 మార్చితో ముగిసింది. తొలిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల వరకు టర్మ్ లోన్ ఇచ్చే పథకాన్ని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించారు. పెద్ద యూనిట్ ఆలోచన ఉంటే దాని గురించి బ్యాంకులో అడగండి. అది కాకపోయినా సీజీటీఎంఎస్ఈ అనే హామీ నిధి కింద తాకట్టు లేకుండా రుణం ఇవ్వమనవచ్చు. మహిళల యూనిట్లకు ఆ హామీ వాటా ఎక్కువ, హామీ రుసుములో తగ్గింపు ఉంది.

సబ్సిడీ శాతం చూసి యూనిట్ ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. 35 శాతం వస్తుందని తెలియని వ్యాపారంలో దిగితే మిగతా 65 శాతం భారం మీదే.

బ్యాంకుకు వెళ్లే రోజు

ముందు శిక్షణ పూర్తి చేసుకుని వెళ్తే మేలు. గ్రామీణ యువతకు బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు చాలా జిల్లాల్లో ఉన్నాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. అక్కడి సర్టిఫికెట్టు ఉన్న దరఖాస్తును బ్యాంకు కొంచెం నమ్మకంగా చూస్తుంది. హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వం 2018లో పెట్టిన వీ హబ్, 1993 నుంచి పనిచేస్తున్న మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ కూడా దారి చూపుతాయి. గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామికవాడ కట్టించిన సంఘం అది.

ప్రాజెక్టు రిపోర్టు ఎవరితోనైనా టైపు చేయించండి, కానీ అందులోని అంకెలు మీ నోటికి రావాలి. మిషను కోటేషన్ ఎక్కడిది, కరెంటు మూడు ఫేజులా, నెలకు ఎంత అమ్ముతారు, ఎవరికి అమ్ముతారు అని అడిగితే పక్కనున్న భర్త వైపు చూడకూడదు. సరుకు కొంటామని రెండు మూడు కిరాణా షాపులు రాసిచ్చిన చీటీలు ఉంటే జత చేయండి. దరఖాస్తు ఇచ్చి రాకండి, ఇచ్చినట్టు నంబరు వేసిన రసీదు తీసుకుని రండి. ప్రభుత్వ రుణ పథకాల జన్‌సమర్థ్ పోర్టల్‌లో పెడితే ఆ నంబరు దానంతటదే వస్తుంది.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 25 లక్షల వరకు రుణంపై అవునో కాదో 14 పనిదినాల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు చెబుతోంది. కాదంటే కారణం రాతలో ఇవ్వాలి. 10 లక్షల లోపు రుణానికి తాకట్టు అడగకూడదు. వీటిలో ఏది జరగకపోయినా ముందు ఆ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి రాయండి, ఒక ప్రతిని జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోను చేస్తే వివరాలు చెబుతారు. మీ వ్యాపారం నిలబడదని బ్యాంకు అనుకుంటే ఆ నిర్ణయాన్ని అంబుడ్స్‌మన్ మార్చరు. నిబంధన తప్పితే మాత్రం ప్రశ్నిస్తారు. కాబట్టి ఫిర్యాదులో మీ బాధతోపాటు ఏ నిబంధన తప్పారో, ఏ తేదీన తప్పారో రాయండి.

సంతకం, ఆ తర్వాత

2024 అక్టోబరు 1 నుంచి రుణం ముఖ్యాంశాలన్నీ ఒకే పత్రంలో, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ శాతం అందులో ఉంటుంది. అది చదివాకే సంతకం. మిషనుకు, సరుకుకు బీమా అడగడం న్యాయమే. జీవిత బీమా పాలసీ తీసుకుంటేనే లోను అంటే కుదరదని చెప్పండి.

ఇంకొకటి. రుణం మీ పేర వచ్చి, డబ్బు భర్త వ్యాపారంలోకో బంధువుల అవసరానికో పోవడం ఇళ్లలో చాలా మామూలుగా జరుగుతోంది. అప్పు తీర్చాల్సింది మీరు, స్కోరు పడిపోయేది మీది, రేపు నిజంగా అవసరమైనప్పుడు తలుపు మూసుకునేది మీకు. ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమని తెలుసు. రుణం డబ్బును బ్యాంకు నేరుగా మిషను అమ్మినవారి ఖాతాకే పంపేలా చేసుకుంటే ఆ మాట చెప్పాల్సిన అవసరమే తగ్గుతుంది.

యూనిట్ నిలదొక్కుకున్నాక ప్రభుత్వ కొనుగోళ్ల వైపు చూడండి. కేంద్ర శాఖలు, సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి, మొత్తం కొనుగోళ్లలో 3 శాతం మహిళల సంస్థల నుంచి ఉండాలి. ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో ఉద్యం నంబరుతో నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ శాఖ ఇచ్చిన కొనుగోలు ఆర్డరు చేతిలో ఉంటే క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచమని అడగడం తేలిక. ఏడాదికోసారి ఆ పరిమితిని రెన్యువల్ చేస్తారు, ఆ తేదీకి నెల ముందే కొత్త స్టేట్‌మెంట్లు, అమ్మకాల లెక్క తీసుకుని మేనేజరును కలవండి.